చొక్కా కొలతలు

కోపంగా వచ్చే మనిషితో నాకు ఇబ్బంది లేదు. నాకూ కోపముంది. ఆయన ఒకటంటే నేను రెండంటాను, అక్కడికి సరిపోతుంది. చిక్కంతా మర్యాదగా వచ్చేవాడితోనే. ఆ శనివారం మా గేటు ముందు సుమో ఆపి, చెప్పులు మెట్ల కిందే విడిచి, "లోపలికి రావచ్చాండీ?" అంటూ రెండు చేతులూ జోడించిన మనిషిని చూడగానే ఇది తేలిగ్గా తెమిలేది కాదనుకున్నాను.

ఆయన పేరు సుబ్రహ్మణ్యేశ్వరరావు. పేరెంత పొడుగో మర్యాదా అంత పొడుగు. ఉప్పలగుప్తం అవతల ఆయనకు రొయ్యల చెరువులున్నాయి. ఆయన వెనకే వచ్చి గేటు దగ్గర ఆగిపోయినవాడు వీర్రాజు. ఆ చెరువుల మీద కాపలా మనిషి, మా నూకాలుకు తండ్రి.

మాది ముమ్మిడివరం దగ్గర ఒక పాత కొబ్బరిపీచు షెడ్డు. హెడ్మిస్ట్రెస్‌గా రిటైరైన దానమ్మగారు దాన్ని బాగుచేయించి, బస్టాండుల్లోనూ రేవుల్లోనూ సంతల్లోనూ తిరిగే పిల్లల్ని తెచ్చి పెట్టుకున్నారు. పిల్లలకు తిండి, పడక, చదువు, ఆపైన చేతిలో ఒక పని. మగపిల్లలకు చెరువుల మోటార్లు వైండింగు చెయ్యడం నేర్పుతారు, ఆడపిల్లలకు కుట్టుపని. ఆ కుట్టుపని నేర్పే రత్నాన్ని నేనే. వంకర కుట్టు కనిపిస్తే ఎవరిదైనా సరే విప్పి పారేస్తాను. పిల్లలు చాటుగా నన్ను కత్తెర టీచరు అంటారు. అననీ.

సుబ్రహ్మణ్యేశ్వరరావుగారు వరండాలో కుర్చీ చివర కూర్చున్నాడు.

"మా అమ్మాయికి హైదరాబాదులో బాబు పుట్టేడండీ. వాణ్ణి ఆడించడానికి ఇంట్లో మనిషిలాగా ఓ పిల్ల ఉంటే బాగుంటుందని చూస్తన్నాం. పరాయి పిల్ల ఎందుకూ, మన వీర్రాజు కూతురుంది కదా అనుకున్నాం. ఆగస్టు పదిహేనున మండలాఫీసు దగ్గర మీ పిల్లలు పాట పాడేరు చూడండి, అందులో గుర్తుపట్టేను. ఎంత బాగా పెంచేరండీ! మీకు చేతులెత్తి దండం పెట్టాలి."

"పిల్ల ఏడో తరగతి చదువుతోందండీ," అన్నారు దానమ్మగారు. "కుట్టుపని కూడా సగంలో ఉంది."

"దానికేముందండీ, మిషను మా అమ్మాయే కొనిపెడుతుంది. కన్నతండ్రి వచ్చి అడుగుతున్నాడు కదా." ఆయన గేటు వైపు తల తిప్పాడు. "ఏరా వీర్రాజూ?"

"ఆయ్," అని వినిపించింది గేటు దగ్గర్నుంచి. తల మాత్రం పైకి లేవలేదు.

ఇదే మా చిక్కు. తండ్రి వచ్చి నా పిల్లని పంపండి అంటే ఆపే అధికారం మాకు లేదు. కాకినాడలో పిల్లల సంక్షేమం చూసే ఆఫీసరుకు ఉంది. ఆయన వచ్చి, పిల్లతో మాట్లాడి, వద్దంటే వద్దు. దానమ్మగారు లోపలికి వెళ్ళి ఫోను చేశారు. ఇప్పుడే జీపులో బయల్దేరుతున్నాను, నేను వచ్చేదాకా పిల్లని గేటు దాటనివ్వకండి అన్నాడట. కాకినాడ నుంచి మా వైపు రావాలంటే యానాం దగ్గర గోదావరి దాటాలి. అప్పటికింకా వంతెన కడుతూనే ఉన్నారు. జీపులైనా బస్సులైనా పంటు అనే పెద్ద పడవ ఎక్కి ఇవతలికి రావలసిందే.

"అప్పటిదాకా ఈయన్ని నేను మర్యాదతోనే కట్టేస్తాను," అన్నారు దానమ్మగారు నాతో, గొంతు తగ్గించి. "నువ్వు మాత్రం నోరు తెరవకు రత్నం."

నోరు తెరవకపోవడం నాకు ఎంత కష్టమో ఆవిడకు తెలుసు. ఎందుకంటే ఈ పెద్దమనిషి నూకాలును తీసుకెళ్ళడానికి రావడం ఇది మొదటిసారి కాదు. తల్లి పోయిన ఏడాది ఇలాగే వచ్చి, రాజమండ్రిలో తన చెల్లెలి ఇంట్లో పనికి పెట్టాడు. అక్కడినుంచి పారిపోయిన పిల్ల అమలాపురం బస్టాండులో తేలింది. ఏడాదిపాటు బస్సు కిటికీల కింద వేరుశనక్కాయల పొట్లాలు అమ్మి, బెంచీ కింద పడుకుంది. దానమ్మగారి చేతికి చిక్కేసరికి జుట్టు జడలు కట్టి ఉంది. మూడేళ్ళ నుంచీ మా దగ్గర ఉంటోంది. అన్నీ నేర్చుకుంది గానీ, మొదట్లో ఇస్త్రీపెట్టె ఉన్న గదిలోకి మాత్రం వచ్చేది కాదు. ఎందుకు రావే అని నేను గసిరితే, ఒకరోజు ముంజేతి మీది గుడ్డ తీసి చూపించింది. ఆ తర్వాత నేను మళ్ళీ గసరలేదు.

మా వైపు గుమ్మంలోకి వచ్చినవాళ్ళకు ఏదో ఒకటి పెట్టకుండా పంపడం ఇంటివాళ్ళకు తప్పు. పెడతామన్నది కాదని లేచిపోవడం వచ్చినవాళ్ళకు తప్పు. దానమ్మగారి నమ్మకమంతా దాని మీదే.

"కాఫీ తీసుకోండి."

"అయ్యో, వద్దండీ. ఈ మధ్యే మానేసేను."

"పోనీ భోంచేసి వెళ్ళండి. వంకాయ కూర, పెసరపప్పు చారు. పిల్లలతో కలిసి ఓ ముద్ద తిందురుగాని."

"శనివారమండీ. ఉపవాసం."

"మంచినీళ్ళైనా?"

"దాహం లేదండీ," అన్నాడు. చొక్కా వీపుకు అతుక్కుపోయి ఉంది. జేబురుమాలుతో మెడ తుడుచుకుంటూనే ఉన్నాడు.

నేను వంటింట్లోకి వెళ్ళి గిన్నె మీద గిన్నె ఎత్తేశాను. దానమ్మగారు వెనకే వచ్చారు. నాకు ఒళ్ళు మండిపోతోంది గానీ ఆవిడ నవ్వుతున్నారు.

"మా గుమ్మం తొక్కితే కొంతమందికి వారమంతా శనివారమే రత్నం. బళ్ళో ఇన్‌స్పెక్షనుకు వచ్చినవాళ్ళ దగ్గర్నుంచీ చూస్తున్నాను. నువ్వెందుకు గిన్నెలు సొట్టలు పెడతావు?"

"అలాంటివాడి చేతిలో పిల్లని పెట్టాలా అండీ?"

"పెట్టకూడదనే కదా. కొబ్బరిబొండానికి ఏ ఉపవాసమూ లేదులే. చెట్టు మీద కాసింది, మన చెయ్యి తగలదు."

నిజమే. బొండమనగానే ఆయన మొహం విప్పారింది. "బొండమైతే తీసుకుంటానండీ, దానికేముంది," అన్నాడు.

చెట్లెక్కే అబ్రహాము పక్కతోటలో కాయల దింపులో ఉన్నాడు. అతన్ని పిలుచుకురమ్మని దానమ్మగారు పంపింది మా వాళ్ళలో అందరికంటే నెమ్మదిగా నడిచే సుబ్బాయమ్మను. అబ్రహాము వచ్చి, వరండాలో మనిషిని చూశాడు, దానమ్మగారి మొహం చూశాడు. "దగ్గర చెట్ల బొండాలు ఉప్పగా ఉంటన్నాయండి, ఆ చివరి చెట్టెక్కుతాను," అన్నాడు. కత్తి నూరుకోవడం మొదలుపెట్టాడు. మామూలుగా ఉడతలా ఎక్కే మనిషి, ఆరోజు నడుం నొప్పి ఉన్నవాడిలా ఎక్కాడు.

నేను కుట్టుగదిలోకి వెళ్ళాను. నూకాలు మిషను తొక్కుతోంది. సూదిలో దారం లేదు, సూది కింద గుడ్డ లేదు. ఊరికే తొక్కుతోంది. పక్కన నేస్తం క్రిస్టీనా చాక్ ముక్క పట్టుకుని బిక్కమొహంతో చూస్తోంది.

"ఆయన చెప్పులు ఎక్కడ విప్పేరు టీచర్?" అని అడిగింది నూకాలు.

"మెట్ల దగ్గర. ఎందుకే?"

"అప్పుడూ అంతేనండి. మా పాక బయటే చెప్పులు విప్పి వచ్చేరు. సొంత కూతుర్లా చూసుకుంటాం అని మా నాన్నతో చెప్పేరు."

నేను మిషను చక్రం మీద చెయ్యి వేసి ఆపాను. పిల్ల పాదాలు మాత్రం పెడలు మీంచి తియ్యలేదు.

"ఆఫీసరుగారు వస్తున్నారు. ఆయన వస్తే నిన్ను ఎవరూ తీసుకెళ్ళలేరు."

"రాకపోతేనండి?"

నేను దారపు ఉండ అందుకుని ఆ ఖాళీ సూదిలోకి దారం ఎక్కించాను.

"ఆ కారెక్కిస్తే దారిలో ఏదో ఓ ఊళ్ళో దిగిపోతానండి," అంది. "బస్టాండులో ఎలా ఉండాలో నాకు తెలుసు కదండి."

పదమూడేళ్ళ పిల్ల. చదువు, కుట్టు, వేళకు తిండి అన్నీ మూడేళ్ళలో అమర్చాం అనుకుంటున్నాను నేను. దాని మనసులో బస్టాండు బెంచీ ఇంకా ఖాళీ చేసి పెట్టే ఉంది. నాకు ఏడుపొచ్చింది. కత్తెర టీచరు ఏడవకూడదు గనక బయటికి వచ్చేశాను.

అప్పుడే లోపల ఫోను మోగింది. యానాం రేవు నుంచి ఆఫీసరు. సముద్రం ఆటుకు నీళ్ళు తీసేశాయట, పంటు నది మధ్య ఇసకలో కూరుకుపోయిందట. మళ్ళీ నీరెక్కేదాకా అవతలి పంటు కూడా కదలదు. సాయంత్రం అవుతుందేమో అన్నాడట.

వరండాలో సుబ్రహ్మణ్యేశ్వరరావుగారు రెండో బొండం తాగేసి, లేత కొబ్బరి కూడా తినేసి, బొండం జాగ్రత్తగా కుర్చీ కింద పెట్టాడు. చేతి గడియారం చూసుకున్నాడు.

"మరి బయల్దేరతామండీ. చీకటి పడేలోపు రావులపాలెం దాటేస్తే మంచిది. పిల్లని రమ్మంటారా?"

"ఇంకో బొండం..." అన్నారు దానమ్మగారు.

"చాలండీ. మీ అభిమానం మర్చిపోలేను." నవ్వుతూనే ఉన్నాడు గానీ, ఆ నవ్వు వెనక తలుపు గడియ పడ్డట్టు తెలిసిపోయింది. "ఎవరో ఆఫీసరు వస్తాడని కూర్చోబెట్టేరని నేను అనుకోనండీ. పెద్దవారు మీరు."

దానమ్మగారి మొహంలో రంగు పోయింది. ఆవిడ చూపు గేటు వైపు తిరిగింది. "రత్నం," అన్నారు మెల్లగా, "వీర్రాజుకు ఎవరైనా ఏమైనా పెట్టేరా?"

ఎవరూ పెట్టలేదు. కాఫీ లేదు, నీళ్ళు లేవు, కనీసం కూర్చోమన్నవాళ్ళు లేరు. పిల్ల మీద ఏ హక్కూ లేనివాడిని ఇంతసేపూ అండీ అండీ అని బతిమాలుతున్నాం. హక్కున్నవాడు ఎండలో గేటు పట్టుకుని నిలబడి ఉన్నాడు. సుమో దిగినవాడే పెద్దమనిషి, వెనక సీట్లోంచి దిగినవాడు పెద్దమనిషి కాదు. ఇలాంటివి దానమ్మగారంతటి ఆవిడకు కూడా వంటబట్టేశాయి.

నేను స్టూలు కోసం వెనక్కి తిరిగేసరికి నూకాలు నన్ను దాటుకుని వెళ్ళిపోయింది. ఒక చేతిలో స్టూలు, మెడలో టేపు. వెనకాల క్రిస్టీనా. ఆ పిల్ల వరండా మెట్లు దిగుతూ సుబ్రహ్మణ్యేశ్వరరావుగారి చెప్పుల పక్కనుంచే వెళ్ళింది, వాటివైపు చూడలేదు.

గేటు దగ్గర స్టూలు వేసింది. "కూర్చో నాన్నా."

వీర్రాజు యజమాని వైపు చూశాడు. కూర్చోలేదు. కూతుర్ని నాలుగేళ్ళ తర్వాత చూస్తున్న మనిషి, ఏం చెయ్యాలో తెలియక తలగుడ్డ విప్పి చేతిలో పట్టుకున్నాడు.

"పోనీ నిలబడే ఉండు. కొలతలు తీసుకోవాలి."

"ఏం కొలతలమ్మా?"

"చొక్కాకి. మాకు పరీక్షుంది. ఇంట్లోవాళ్ళకి చొక్కా కుట్టి చూపించాలి."

నేను పిల్లలకు తలగడ గలీబులు నేర్పాను, లంగాలు నేర్పాను, జాకెట్లు నేర్పాను. మగవాళ్ళ చొక్కా ఇంకా మొదలుపెట్టనే లేదు. పరీక్షా లేదు, పాడూ లేదు.

"పరీక్ష ఉందాండీ?" సుబ్రహ్మణ్యేశ్వరరావుగారు నావైపు తిరిగి అడిగాడు.

"ఉందండీ," అన్నాను. జన్మలో అంత సాఫీగా ఏ కుట్టూ వెయ్యలేదు నేను.

ఆయన ఒక క్షణం నా మొహంలోకి చూశాడు. తండ్రికి చొక్కా కుట్టుకుంటానన్న పిల్లని నలుగురి ముందూ వద్దనడం ఆయన మర్యాదకు కుదరలేదు. "కానివ్వండి పాపం," అంటూ మళ్ళీ కూర్చున్నాడు.

నేను గేటు దగ్గరికి నడిచాను. చేతులు చాపమంది నూకాలు. వీర్రాజు రెండు చేతులూ బారగా చాపి, పోలీసుల ముందు నిలబడ్డవాడిలా బిగుసుకుపోయాడు. పిల్ల టేపును తలకిందులుగా పట్టుకుంది. భుజం కొలవాల్సిన చోట మెడ దగ్గర్నుంచి కొలిచింది. ఛాతీకి నేను జాకెట్టుకు నేర్పిన పద్ధతే చేసింది. ఒక్కో అంకె పైకి చెబుతోంది, క్రిస్టీనా గేటు స్తంభం మీద చాక్‌తో రాస్తోంది. అన్నీ తప్పే. నేను నోరు మూసుకుని నిలబడ్డాను.

మెడ కొలవడానికి పిల్ల మునివేళ్ళ మీద లేచింది. చేతులు రెండూ తండ్రి మెడ చుట్టూ వెళ్ళాయి. పిల్ల పొడుగు చేతుల జాకెట్టు మోచేతి దాకా జారింది. ముంజేతి మీద ఇస్త్రీపెట్టె కొస అచ్చు గుద్దినట్టు ఉన్న మచ్చ వీర్రాజు కళ్ళ ముందుకు వచ్చింది.

"ఇదేంటే?"

"ఇస్త్రీపెట్టె. మెడ, పదిహేను. రాసేవా క్రిస్టీనా?"

"నువ్వు కాల్చుకున్నావా?"

"కాదు నాన్నా. రాజమండ్రిలో. ఆవిడ చీర మాడిపోయిందని పెట్టింది."

అంకెలు చెప్పిన గొంతుతోనే చెప్పింది. వీర్రాజు చేతులు అలాగే చాచి ఉన్నాయి. దించడం మర్చిపోయాడు.

"నగ ఎత్తుకుని పారిపోయేవని చెప్పేరు నాకు," అన్నాడు.

"టిక్కెట్టుకే లేవు నాన్నా. నీ దగ్గరికే బయల్దేరేను. కండక్టరు అమలాపురంలో దింపేసేడు. అక్కడ్నుంచి చెరువు దగ్గరికి ఎలా రావాలో నాకు తెలీలేదు."

నాకు తెలియని మాట ఇది. మూడేళ్ళలో మాకెవరికీ చెప్పలేదు. పారిపోయింది, పారిపోయింది అనుకున్నాం అందరం. ఆ పిల్ల ఇంటికి బయల్దేరింది.

వరండాలో కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడైంది. సుబ్రహ్మణ్యేశ్వరరావుగారు మెట్లు దిగి చెప్పులు తొడుక్కున్నాడు. డ్రైవరు సుమో స్టార్టు చేశాడు.

"వీర్రాజూ, పిల్లని బట్టలు సర్దుకోమను."

వైండింగు షెడ్డులో మగపిల్లలు పని ఆపేశారు. దానమ్మగారు వరండా స్తంభం పట్టుకుని నిలబడ్డారు. నూకాలు టేపు రెండు చివర్లూ పిడికిట్లో పట్టుకుని తండ్రి మొహంలోకి చూస్తోంది. నాకైతే ఆ క్షణాన ఎదురుగా ఉన్న మనిషి మీద నమ్మకం లేదు. ఆయ్ తప్ప ఇంకో మాట అతని నోట నేను వినలేదు మరి.

వీర్రాజు చేతులు దించాడు.

"చొక్కా అవలేదండి," అన్నాడు.

"ఏంటిరా?"

"కొలతలు ఇచ్చేనండి. పరీక్షంటండి. చొక్కా అయ్యేదాకా పిల్లని కదపకూడదండి."

"ఓస్, దానికేముందిరా. దార్లో రావులపాలెంలో కొంటాను. ఒకటి కాదు, రెండు కొంటాను."

"ఆయ్. మీరు కొంటారండి. ఇది మా అమ్మాయి కుట్టేదండి."

సుబ్రహ్మణ్యేశ్వరరావుగారు నవ్వుతూనే ఉన్నాడు. "ఎప్పటికవుతుందేంటి?"

వీర్రాజు కూతురి వైపు తిరిగాడు. "ఎప్పటికవుద్దమ్మా?"

"చెప్పలేను నాన్నా," అంది నూకాలు.

"చెప్పలేదంటండి," అన్నాడు వీర్రాజు, చేతులు కట్టుకుని.

మా వైపు ఎవరూ ఎవరి మొహం మీదా లేదు, కాదు, పంపను అనరు. శనివారం అంటారు, దాహం లేదంటారు, చొక్కా అవలేదంటారు. అన్నవాళ్ళకూ తెలుసు, విన్నవాళ్ళకూ తెలుసు. పొద్దున్నుంచీ మూడుసార్లు ఆ మాట అన్న మనిషికి అది తనకు తగిలితే ఎలా ఉంటుందో తెలిసింది. మెడ దగ్గర నరం ఒక్కటి ఉబ్బింది, అంతే.

"అలాగే కానియ్యి," అన్నాడు. "మరి కొలతలూ అవీ ఉన్నవాడివి, రేపట్నుంచి చెరువు మీద నీకు శ్రమెందుకు. పాకలో సామాన్లుంటే సాయంత్రానికి తీసేసుకో."

"ఆయ్," అన్నాడు వీర్రాజు.

సుబ్రహ్మణ్యేశ్వరరావుగారు దానమ్మగారికి రెండు చేతులూ జోడించాడు. "బొండాలు చాలా బాగున్నాయండీ. సెలవు." సుమో తలుపు మెల్లగానే వేసుకున్నాడు. రోడ్డెక్కి మలుపు తిరిగేదాకా ఎవరం కదల్లేదు.

దానమ్మగారు తనే వెళ్ళి విస్తరి వేసుకొచ్చారు. గేటు దగ్గరికే తెచ్చి, "ముందు భోంచెయ్యి నాయనా," అన్నారు. వీర్రాజు అప్పుడు కూర్చున్నాడు స్టూలు మీద. ఆకు ఒళ్ళో పెట్టుకున్నాడు. వంకాయ కూర కలుపుతూ కలుపుతూ ఆగిపోయాడు. పాక పోయింది, పని పోయింది. ఆ సంగతి అతనికి ఇప్పుడే అందుతోందని చూస్తే తెలుస్తోంది. నూకాలు ఎదురుగా నేల మీద కూర్చుని గుక్కపట్టి ఏడుస్తోంది. పొద్దున్నుంచీ దాచుకున్నదంతా ఇప్పుడు బయటికొస్తోంది.

"నిజంగా పరీక్షుందా అమ్మా?" అని అడిగాడు కాసేపటికి.

పిల్ల తల అడ్డంగా ఊపింది.

"చొక్కా కుట్టడం వచ్చా?"

"రాదు నాన్నా. టీచరుగారు ఇంకా నేర్పలేదు."

వీర్రాజు ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. సుమో వెళ్ళిన రోడ్డు వైపు ఒకసారి చూసి, కూతురి వైపు తిరిగాడు.

"మెల్లగా నేర్చుకో. నాకిప్పుడు తొందరేం లేదు."

నేను కొంగుతో కళ్ళు తుడుచుకుని, గేటు స్తంభం మీద క్రిస్టీనా రాసిన అంకెలన్నీ అరచేత్తో చెరిపేశాను.

"భోజనం అయ్యేక ఒకసారి నిలబడండి వీర్రాజుగారూ," అన్నాను. "మీ అమ్మాయి తీసిన కొలతలన్నీ తప్పు."